నురుగు పొంగేలోపు

అతను చనిపోయాడన్న సంగతి బస్టాండులో చాలాసేపు ఎవరికీ తెలియలేదు.

పట్టపగలు. ప్లాట్‌ఫారం మీద సిమెంటు బెంచీ. తల వెనక్కి వాల్చి, కాళ్ళు చాపుకుని కూర్చున్న కుర్రాడిని చూసి ఎండకు సోలిపోయాడనుకున్నారు. పక్కనున్న ముసలామె జాలిపడి చేతిలోని పేపరుతో కాసేపు విసిరింది కూడా. బస్సు వచ్చినా లేవకపోతే కండక్టర్ భుజం తట్టాడు. మనిషి పక్కకి ఒరిగిపోయాడు. మెడ వెనక సూదిమొన దిగిన చోట చిన్న నెత్తుటి చుక్క. ఒళ్ళో ఉండాల్సిన స్టీలు ఫ్లాస్కు లేదు.

"ఫ్లాస్కులో ఏముంది సర్?" అడిగాడు తాబేలు.

"మట్టిలో బతికే బాక్టీరియా," అన్నాడు పెద్దాయన.

"దాని కోసం మనిషిని చంపారా?"

"ఒకప్పుడు చమురు కోసం చంపారు, తర్వాత యురేనియం కోసం చంపారు. ఇప్పుడు తిండిగింజ దాకా వచ్చింది. కూర్చో, మోకాలు నొప్పి అన్నావుగా."

పెద్దాయన అంటే డిపార్ట్‌మెంట్ చీఫ్. ఆయన గదిలో ఏసీ పాడై చాలా కాలమైంది. ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా ఫైళ్ళ మీద పేపర్ వెయిట్‌కి బదులు పాత పిస్టల్ మేగజీన్ పెట్టుకున్నాడు. తాబేలు ఆయన కింద పనిచేసే ఫీల్డ్ ఏజెంట్. ట్రైనింగ్‌లో ప్రతి పరుగులోనూ ఆఖరివాడిగా వచ్చినందుకు ఆ పేరు పడింది. అతనికంటే ముందు పరిగెత్తినవాళ్ళంతా ఒక్కొక్కరే కారిడార్ గోడ మీద ఫొటోలయ్యారు. తాబేలు ఇంకా నడుస్తున్నాడు. ఎడమ మోకాలే ఒప్పుకోవడం లేదు. రిటైర్మెంట్ దరఖాస్తు 'పరిశీలనలో' ఉంది.

"విను. ఆపరేషన్ నీడ," అన్నాడు పెద్దాయన. "ఊరి చివర మట్టి పరిశోధన ల్యాబ్ ఉంది. అక్కడ ఒక డాక్టరమ్మ, అంటే సైంటిస్టు, ఒక బాక్టీరియాని పట్టుకుంది. గింజకి పూతలా పట్టించి విత్తితే మొక్కజొన్న వడగాలికి నిలుస్తుంది. సర్కారు దాన్ని రైతులకి ఉచితంగా పంచబోతోంది. అది కొంతమందికి గిట్టదు."

"ఎవరు?"

"కొలిమి. బయటి దేశం ముఠా. దాని వెనక ఒక విత్తనాల కంపెనీ ఉందని మన అనుమానం. ఫ్లాస్కులో ఉన్నది స్పేర్ కల్చర్, అదే, పెంచిన బాక్టీరియా. ఇంకో ఊరి ల్యాబ్‌లో దాచడానికి తీసుకెళ్తుంటే దారిలో కాజేశారు. ఇక్కడ మిగిలినది చెడగొడితే, వచ్చే ఏడు అదే సరుకు డబ్బాల్లో పెట్టి మనకే అమ్ముతారు. చెడగొట్టే మనిషి ల్యాబ్‌లోకి ఇప్పటికే వచ్చేశాడని సమాచారం."

"సమాచారం ఎవరిచ్చారు?"

పెద్దాయన ఫ్యాను వైపు చూశాడు. "పాదరసం."

పాదరసం డబుల్ ఏజెంట్. కొలిమిలో కొలిమి మనిషి, ఇక్కడ మన మనిషి. ఎప్పుడు ఎటు జారుతుందో ఆమెకైనా తెలుసో లేదో. ఒకసారి అతని కాఫీలో మత్తుమందు కలిపింది. క్షమాపణ చెప్పలేదు గానీ, ఆసుపత్రికి పళ్ళ బుట్ట పంపింది.

"ఆమె మన మనిషేనా సర్?"

"ఈ వారం, అవును."

గాడ్జెట్ సెక్షన్ వాళ్ళు ఒక హియరింగ్ ఎయిడ్ ఇచ్చారు. లోపల ట్రాన్స్‌మిటర్. పెద్దాయనకి అన్నీ వినపడతాయి, ఆయన మాట తాబేలుకీ వినపడుతుంది. "అనుమానం రాకుండా కాస్త చెవుడు నటించు," అన్నారు. నటించాల్సిన అవసరం లేదని తాబేలు వాళ్ళకి చెప్పలేదు.

మారువేషం డీప్ ఫ్రీజర్ మెకానిక్. దానికీ కష్టపడక్కర్లేదు. ఇంట్లోవాళ్ళకి మొదటి నుంచీ అతను ఫ్రిజ్‌ల కంపెనీ మెకానిక్ అనే చెప్పుకున్నాడు. ఆ అబద్ధం నిలబెట్టుకోవడానికి నిజంగానే పని నేర్చుకున్నాడు. అక్క ఇంట్లో, అక్క ఆడపడుచు ఇంట్లో, ఆ ఆడపడుచు తోడికోడలి ఇంట్లో నడుస్తున్న ఫ్రిజ్‌లన్నీ అతని చలవే.

*

ల్యాబ్ వరండాలో అడుగుపెట్టగానే ఉడికించిన గంజిలాంటి వాసన కొట్టింది. లోపల హాలు మధ్యలో ఇద్దరు మనుషుల ఎత్తున స్టీలు ట్యాంకు. దాని చుట్టూ పైపులు, మీటర్లు, చెవులు చిల్లులు పడేలా కంప్రెసర్ మోత. హియరింగ్ ఎయిడ్‌లో పెద్దాయన ఏదో అన్నాడు. మోతలో ముక్క అర్థం కాలేదు. తాబేలు దాన్ని తీసి జేబులో వేసుకున్నాడు.

తెల్లకోటు వేసుకున్న ఆడమనిషి ట్యాంకుకి ఉన్న గుండ్రటి గాజు కిటికీలోకి తొంగి చూస్తోంది. కళ్ళు వాచి ఉన్నాయి.

"డీప్ ఫ్రీజర్‌లో ఐస్ పేరుకుందటగా?" అన్నాడు తాబేలు.

"పేరుకోలేదు. మొండికేసింది," అంది డాక్టరమ్మ.

కోడ్ వర్డ్ సరిపోయింది. ఆమె అతన్ని ఫ్రీజర్ గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసింది. మోత సద్దుమణిగింది.

"బస్టాండులో పోయినవాడు మా తమ్ముడు," అంది ఆమె, అతను అడగకుండానే.

తాబేలు టూల్ బాక్సు కింద పెట్టాడు. "మీరు ఇంటి దగ్గర ఉండాల్సింది కదమ్మా."

"ఇంట్లో అమ్మ ఉంది. పిన్నివాళ్ళు ఉన్నారు. ట్యాంకుకే ఎవరూ లేరు. ఇది ఇప్పుడు ఆగిపోతే మళ్ళీ మొదటి నుంచి పెంచి గింజకి పట్టించేసరికి విత్తే అదను దాటిపోతుంది." ఆమె కళ్ళద్దాలు తుడుచుకుంది. "అసలు దీన్ని కనిపెట్టింది వాడి కళ్ళే. ఇటుకబట్టీ గోడ పక్కన అంతా మాడిపోతే, ఒక్క గడ్డిదుబ్బు పచ్చగా ఉందక్కా అని పీక్కొచ్చాడు. దాని వేళ్ళ మట్టిలోంచి తీశాం."

పక్క గది తలుపు తెరిచింది. పొయ్యి మూత తీసినట్టు వేడి మొహాన కొట్టింది. వరసగా కుండీల్లో మొక్కజొన్న. ఒక వరస ఆకులు చుట్టుకుపోయి తల వేలాడేసింది. పక్క వరస కాస్త వాడింది గానీ నిలబడే ఉంది.

"ఎండ ముదిరితే మొక్క హడలిపోతుంది. హడలిపోయి లోపల ఒక వాయువు తయారుచేసుకుంటుంది. అది మితిమీరితే వేరు ఎదగదు, కంకిలో గింజ పట్టదు. ఎండ చంపేది కొంత, ఆ కంగారు చంపేది కొంత. ఈ బాక్టీరియా వేరుని అంటిపెట్టుకుని ఉండి, ఆ వాయువుకి కావాల్సిన ముడిసరుకు వేరులోంచి ఊరగానే తినేస్తుంది. చుట్టూ జిగురు కూడా కడుతుంది. ఆ జిగురులో తడి నిలుస్తుంది."

"అంటే ఇక ఎండకి భయం లేదన్నమాట."

"అంత మాట అనకండి. ఎండని ఎవరూ తగ్గించలేరు. నీళ్ళే లేకపోతే ఇదీ ఏం చెయ్యలేదు. మొక్కకి కాస్త ఓపిక ఇస్తుంది, అంతే."

మోకాళ్ళకి ఓపిక ఇచ్చే రకం ఏదైనా ఉందేమో అడుగుదామనుకుని ఊరుకున్నాడు తాబేలు.

ఫ్రీజర్ వెనక రేకు విప్పి, తల లోపల పెట్టి వైర్లు చూస్తుంటే ఫోను మోగింది. అక్క.

"ఏరా, ఎక్కడున్నావు?"

"పనిలో ఉన్నానక్కా."

"ఈసారి మొక్కజొన్న వద్దంటున్నాడు మీ బావ. పోయినేడు కంకి ఒలిస్తే బోసినోరులా అక్కడో గింజ ఇక్కడో గింజ. ఆ ముందేడూ అంతే. ఇంకోసారి పోతే పొలం కౌలుకిచ్చి తనెక్కడైనా వాచ్‌మన్‌గా చేరతానంటున్నాడు. ఎవరో నల్లపూత విత్తనం ఊరికే ఇవ్వబోతున్నారట. వెయ్యమంటావా?"

"వెయ్యండి."

"సాగు సంగతి నీకేం తెలుసని?"

"ఏమీ తెలియదు. అయినా వెయ్యండి."

"వేళకి తింటున్నావా?"

"తింటున్నానక్కా," అన్నాడు. పొద్దున్నుంచి ఏమీ తినలేదు.

*

మధ్యాహ్నం పాదరసం వచ్చింది.

క్వాలిటీ ఆడిటర్ వేషం. మీగడ రంగు సూటు, దానికి తగ్గ నల్లకళ్ళద్దాలు, ఎత్తు మడమల చెప్పులకి పైన ల్యాబ్ వాళ్ళిచ్చిన నీలం ప్లాస్టిక్ తొడుగులు. ఆ తొడుగులు వేసుకున్నా నడకలో దర్జా తగ్గలేదు. ఆమె పక్కన పొడుగాటి విదేశీ మనిషి. ట్యాంకు తయారుచేసిన వాళ్ళు పంపిన కన్సల్టెంట్ అట, పొద్దున్నుంచీ ల్యాబ్‌లోనే ఉన్నాడట. మన భాష పుస్తకంలో చదివినంత శుభ్రంగా మాట్లాడుతున్నాడు.

"మీరు మరమ్మతు చేయువారా?" అడిగాడు తాబేలుని.

"ఆఁ?" అన్నాడు తాబేలు చెవి ఒగ్గి.

కన్సల్టెంట్ జాలిగా నవ్వి వెళ్ళిపోయాడు. పాదరసం మాత్రం ఫ్రీజర్ రికార్డు చూడాలని వెనక ఉండిపోయింది. తలుపు పడగానే కళ్ళద్దాలు తీసింది. కళ్ళ కింద నల్లటి చారలు. ఇంత అలసిపోయిన పాదరసాన్ని తాబేలు ఎప్పుడూ చూడలేదు.

"ముసలాడివయ్యావు," అంది.

"నువ్వు అవలేదా?"

"నాకు టైమ్ లేదు." సూటు జేబులోంచి వేలెడంత గాజు సీసా తీసి అతని చేతిలో పెట్టింది. "ఫేజ్. బాక్టీరియాని తినే వైరస్. మనుషుల్ని ఏమీ చెయ్యదు. ట్యాంకులో ఒక్క చుక్క పడితే చాలు, రాత్రికల్లా అంతా చచ్చి నీళ్ళవుతుంది. శాంపిల్ తీసే వంకతో నన్ను పోయమన్నారు. పోశానని చెప్తాను. నువ్వు దీన్ని కాల్చెయ్యి. పెద్దాయనకి చెప్పు, ఇదే నా ఆఖరి పని అని."

"బస్టాండులో కుర్రాడి సంగతి నీకు ముందే తెలుసా?"

ఆమె నేల వైపు చూసింది. "ఫ్లాస్కు తీసుకుంటారని తెలుసు. చంపుతారని తెలియదు. తెలిసుంటే ఏం చేసేదాన్నో కూడా తెలియదు. అబద్ధమాడే ఓపిక లేక చెప్తున్నా."

ఆ మాట నమ్మాడు తాబేలు. నమ్మనిది సీసాని. పట్టపగలు జనం మధ్య మనిషిని చంపినవాళ్ళు ఇంత పనిని ఒకే సీసాలో పోసి, ఎటైనా జారే పాదరసం చేతికిస్తారా?

డాక్టరమ్మని పిలిచి సీసా చూపించాడు. ఆమె పరీక్షనాళికలో బతికున్న కల్చర్ పోసి, సీసాలోది రెండు చుక్కలు వేసి, వెచ్చటి పెట్టెలో పెట్టింది.

"ఫేజ్ అయితే కాసేపట్లో ఈ మడ్డి తేటపడుతుంది," అంది.

ముగ్గురూ కూర్చున్నారు. ఎంతసేపు చూసినా నాళికలో మడ్డి మడ్డిగానే ఉంది. ఇంకా చిక్కబడింది కూడా.

"ఇది ఉత్త ఉప్పునీళ్ళు," అంది డాక్టరమ్మ.

పాదరసం సీసాని వెలుతురుకి ఎత్తి చూసింది. "నన్ను అనుమానించారు."

"అనుమానం ఎప్పుడో తీరింది. ఇప్పుడు వాడుకుంటున్నారు," అన్నాడు తాబేలు. "మా కళ్ళన్నీ నీ మీద ఉంటే అసలు చెడగొట్టేవాడి చేతులకి ఖాళీ." డాక్టరమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, మీరు వెయ్యకుండా, ఎవరూ ముట్టుకోకుండా, తనంతట తానే ట్యాంకులోకి పోయేదేమైనా ఉందా?"

"గాలి. అది ఫిల్టర్లోంచి వస్తుంది, ఆ ఫిల్టరు నేనే మార్చాను. పులుపెక్కితే విరుగుడుగా క్షారం పోతుంది, దాని ఘాటులో ఫేజ్ బతకదు. ఇక..." ఆమె లేచి నిలబడింది. "నూనె. బాక్టీరియా బలంగా పెరిగేటప్పుడు నురుగు పొంగుతుంది. నురుగు పైనున్న సెన్సర్‌ని తాకగానే పంపు దానంతటదే తిరిగి, నురుగు విరిచే నూనె నాలుగు చుక్కలు వేస్తుంది."

"ఆ నూనె సీసా ఎవరు పెట్టారు?"

"పొద్దున కన్సల్టెంట్ కొత్త పంపు బిగించాడు. సీసా కూడా..." మాట పూర్తి చెయ్యకుండానే ఆమె పరిగెత్తింది.

తాబేలు కూడా పరిగెత్తాడు. అంటే, అతని మోకాలు దేన్ని పరుగంటే దాన్ని.

*

హాల్లో గాజు కిటికీలోంచి నురుగు కనిపిస్తోంది. పాలపొంగులా తెల్లగా, మెత్తగా పైకి లేస్తోంది. గోడకున్న కంట్రోల్ పెట్టెకి తాళం. తాళంచెవి ఎప్పుడూ ఉండే మేకు ఖాళీగా ఉంది.

సెన్సర్ మీద ఎర్రదీపం వెలిగింది.

పంపు గిర్రున తిరిగింది. సీసాలోంచి నూనె పల్చటి రబ్బరు గొట్టంలోకి దిగింది. పసుపచ్చటి ధార, గొట్టంలో పాములా సాగి, ట్యాంకు మూత దగ్గరికి వచ్చేసింది. తాబేలు చెయ్యి చాచి, మూతకి బెత్తెడు దూరంలో గొట్టాన్ని వేళ్ళతో మడిచి నొక్కేశాడు.

ధార ఆగింది. పంపు ఆగలేదు.

"కోసెయ్యనా?" అడిగాడు.

"వద్దు. తెగిన కొసలోంచి బయటి మురికి లోపలికి పోతుంది. అలాగే పట్టుకోండి, క్లాంపు తెస్తాను. ముందు నురుగు దించాలి." డాక్టరమ్మ ట్యాంకు అవతలికి వెళ్ళి గాలి వాల్వు తిప్పసాగింది.

గొట్టం అతని వేళ్ళ మధ్య ఉబ్బుతోంది. పంపు తిరిగిన ప్రతిసారీ నాడిలా కొట్టుకుంటోంది. వేళ్ళు తిమ్మిరెక్కాయి. ఈ ఉద్యోగంలో అతను బాంబులు విప్పాడు, కదిలే రైల్లోంచి దూకాడు. చివరికి దేశాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకోవలసి వస్తుందని ఎవరూ చెప్పలేదు.

"దయచేసి దానిని విడువుము," అన్నాడు కన్సల్టెంట్.

ఆవిరి పైపుల పక్కన నిలబడి ఉన్నాడు. చేతిలో సైలెన్సర్ బిగించిన పిస్టల్.

"చేతులు ఖాళీ లేవు," అన్నాడు తాబేలు.

"మీకు చెవుడు లేదు. నేను మధ్యాహ్నమే గ్రహించితిని."

"కొంచెం ఉంది. నిజంగానే."

"మీరు మరణించిన వెంటనే మీ వేళ్ళు వదులగును. నాకు తొందర లేదు."

అది నిజమే. తాబేలు లెక్క వేసుకున్నాడు. తన పిస్టల్ టూల్ బాక్సులో ఉంది. టూల్ బాక్సు ఫ్రీజర్ గదిలో ఉంది. భయం వేయాల్సిన చోట అతనికి అలసట మాత్రమే దొరికింది. అక్క రేపో మాపో నల్లపూత విత్తనం తెచ్చుకుంటుంది. బాక్టీరియా చచ్చిన పూతనే తెచ్చుకుంటుంది. తమ్ముడు వెయ్యమన్నాడని వేస్తుంది. అది తల్చుకుని వేళ్ళు ఇంకా బిగించాడు.

కన్సల్టెంట్ వెనక నీలం ప్లాస్టిక్ తొడుగులు కదిలాయి. పాదరసం తీరిగ్గా నడిచి వచ్చి అతని పక్కన నిలబడింది.

"మనవాళ్ళిచ్చిన సీసా పోసేశాను," అంది.

"చాలా మంచిది," అన్నాడు అతను, చూపు తిప్పకుండా నవ్వి. "ఉప్పునీరు ఆరోగ్యమునకు మంచిది."

"నేనూ అదే అనుకున్నా," అని, ఆమె చేతికందిన ఎర్ర చక్రం తిప్పింది.

అది ఆవిరి పైపు డ్రెయిన్ వాల్వు. తెల్లటి ఆవిరి బుస్సుమని అతని మోచేతి దాకా కమ్మేసింది. అరుపు, తుపాకీ పేలిన చప్పుడు ఒకేసారి వినిపించాయి. గుండు పైకప్పు రేకులో దిగింది. పిస్టల్ నేల మీద జారుకుంటూ వచ్చి తాబేలు బూటుకి తగిలింది. అతను దాన్ని ట్యాంకు కిందికి తన్నాడు. వంగి తీసుకోవడానికి వేళ్ళూ ఖాళీ లేవు, మోకాలూ ఒప్పుకోదు.

కన్సల్టెంట్ మోకాళ్ళ మీద కూలబడి కాలిన చెయ్యి పట్టుకుని ఏదో గొణిగాడు. ఈసారి పుస్తకం భాష కాదు, సొంత భాషే. పాదరసం అతని జేబులోంచి తాళంచెవి తీసింది. కంట్రోల్ పెట్టె తెరిచి పంపు ఆపింది.

గాజు కిటికీలో నురుగు కుంగిపోయింది. డాక్టరమ్మ క్లాంపు తెచ్చి గొట్టానికి బిగించింది. మడతకి ఇవతల దాకా వచ్చిన పసుపు చారని చూపించింది. మూతకి బెత్తెడే దూరం.

"ఇక వదలండి," అంది.

తాబేలు ప్రయత్నించాడు. వేళ్ళు తెరుచుకోలేదు. ఆమే ఒక్కొక్క వేలూ విడదీసింది. విడదీస్తూ అతని ముందు మొదటిసారి ఏడ్చింది. చప్పుడు లేకుండా, అతని చెయ్యి వదలకుండా, చాలాసేపు.

*

గార్డులు కన్సల్టెంట్‌ని తీసుకెళ్ళాక తాబేలు హియరింగ్ ఎయిడ్ పెట్టుకున్నాడు.

"ఎక్కడ చచ్చావు?" అన్నాడు పెద్దాయన.

"ఇక్కడే సర్. అయిపోయింది."

"ఫ్లాస్కు?"

"దొరకలేదు. సరిహద్దు దాటేసిందని పాదరసం చెప్పింది."

పెద్దాయన అవతల నిట్టూర్చాడు. తాబేలు మాట విని డాక్టరమ్మ తలెత్తింది. "పోనివ్వండి. ఏ దేశం మట్టిలో వేసినా అది వేరుని వెతుక్కుంటుంది. ఆ వేరు ఎవరిదని అడగదు. నాకు కావాల్సింది ఫ్లాస్కు కాదు," అని మళ్ళీ ట్యాంకు దగ్గరికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున షెడ్డులో డ్రమ్ములు తిరిగాయి. పసుపుపచ్చ గింజలు బొగ్గుపొడిలో కలిపిన కల్చర్ పూసుకుని నల్లగా బయటికి వచ్చాయి. సంచులు లారీలెక్కాయి. గేటు దగ్గర పాదరసం చిన్న సంచీతో నిలబడి ఉంది. సూటు లేదు, నల్లకళ్ళద్దాలు లేవు. బడి టీచరులా ఉంది.

"ఎక్కడికి?" అడిగాడు తాబేలు.

"చెప్తే నువ్వు రిపోర్టులో రాయాలి."

"రాయను."

"అదీ రాయాలి, రాయనని." ఆమె నవ్వలేదు. "ఆ కుర్రాడి అక్కకి నా తరఫున ఏమీ చెప్పకు. చెప్పగలిగిన మాట ఏదీ లేదు."

చివరి లారీ డ్రైవర్ పక్కన ఎక్కి కూర్చుని వెళ్ళిపోయింది. ఆమె కోసం కొలిమి వెతుకుతుంది, డిపార్ట్‌మెంట్ కూడా వెతుకుతుంది. రిపోర్టులో తాబేలు 'ఆచూకీ తెలియదు' అని రాశాడు. చాలా ఏళ్ళ తర్వాత అతను రిపోర్టులో రాసిన నిజం అదొక్కటే. సంఘటనకి కారణం ఆవిరి పైపు లీకేజీ అని పెద్దాయన పత్రికలకి చెప్పాడు. రిటైర్మెంట్ దరఖాస్తు పరిశీలనలోనే ఉండిపోయింది.

ఆ ఏడు ఎండ మామూలుగా కాయలేదు. తారు కరిగి చెప్పులకి అంటుకుంది. మధ్యాహ్నాలు వీధులు కర్ఫ్యూ పెట్టినట్టు ఉన్నాయి. పంట కోతకొచ్చే ముందు తాబేలు సెలవు పెట్టి అక్కని చూడ్డానికి వెళ్ళాడు. బావ పొలంలోనే ఉన్నాడు. మనిషి నల్లబడ్డాడు గానీ, వాచ్‌మన్ ఉద్యోగం మాట ఎత్తలేదు. గట్టు మీద కొన్ని మొక్కలు మాడిపోయాయి. లోపల మాత్రం మొక్కజొన్న మనిషెత్తున నిలబడి ఉంది. అక్క ఒక కంకి విరిచి, పొట్టు ఒలిచి అతని చేతిలో పెట్టింది. మరీ నిండుగా ఏం లేదు, కొసన కాస్త బోడిగానే ఉంది. కానీ వరసలు కట్టి గింజ పట్టింది.

తాబేలు దాన్ని చాలాసేపు పట్టుకుని నిలబడ్డాడు. వడగాలి చెవులు కాలుస్తోంది. చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది.

"మంచి పంటే వచ్చిందక్కా," అన్నాడు.

"ఆఁ, వచ్చింది," అంది అక్క, కొంగుతో మొహం తుడుచుకుంటూ. "ఏమోరా, ఈ ఏడు ఎండలు అంతగా లేవులే."